హవాయిలో వ్యాపార సంస్థల బీమా

అమెరికాలో పూర్తిగా దీవులతో ఏర్పడిన ఏకైక రాష్ట్రం హవాయి. ఇక్కడి చట్టం వ్యాపారి ఆస్తి కన్నా ముందు పనివారిని చూస్తుంది. ఉద్యోగులను పెట్టుకున్న యజమాని వారికి మూడు విధాల బీమా రక్షణ కల్పించాలి. ఈ మూడింటి అమలును రాష్ట్ర కార్మిక, పారిశ్రామిక సంబంధాల శాఖ చూస్తుంది.

వీటిలో పాతది కార్మిక నష్టపరిహార బీమా. చెరకు తోటలు రాజ్యమేలుతున్న 1915లో, హవాయి ఇంకా రాష్ట్రం కాకముందే, ఈ చట్టం వచ్చింది. ఒక్క ఉద్యోగి ఉన్నా, అతను పూటపనివాడైనా పాలసీ తప్పనిసరి. పనిలో గాయపడినవారి వైద్య ఖర్చును, పోయిన జీతంలో కొంత భాగాన్ని ఇది భరిస్తుంది.

పనితో సంబంధం లేని జబ్బు, గాయం, ప్రసవం వంటి వాటికి 1969 నాటి తాత్కాలిక వైకల్య బీమా ఉంది. ఎనిమిదో రోజు నుంచి, గరిష్ఠంగా 26 వారాల పాటు, సగటు వారపు జీతంలో 58 శాతం ఒక పరిమితికి లోబడి అందుతుంది. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టం లేదు.

హవాయికి ప్రత్యేకమైన పేరు తెచ్చింది మాత్రం 1974 నాటి ముందస్తు చెల్లింపు ఆరోగ్య రక్షణ చట్టం. వారానికి కనీసం 20 గంటల చొప్పున వరుసగా నాలుగు వారాలు పనిచేసిన ఉద్యోగికి యజమాని ఆరోగ్య బీమా ఇవ్వాలని ఆదేశించిన మొదటి రాష్ట్రం ఇదే. ఉద్యోగి తన బీమా కోసం చెల్లించే వాటా ప్రీమియంలో సగాన్నీ, జీతంలో 1.5 శాతాన్నీ దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. అదే 1974లో వచ్చిన ఉద్యోగుల ప్రయోజనాల కేంద్ర చట్టానికి ఇది విరుద్ధమని స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ వేసిన దావాలో కోర్టులు రాష్ట్ర చట్టాన్ని కొట్టేశాయి. 1983లో అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేక మినహాయింపు ఇచ్చి దాన్ని నిలబెట్టింది. కానీ ఆ మినహాయింపు 1974 నాటి రూపానికే పరిమితం. అందుకే 1.5 శాతం హద్దును రాష్ట్రం తనంతట తాను మార్చలేదు. ప్రీమియంలు పెరిగే కొద్దీ అదనపు భారం చిన్న దుకాణదారు మీదే పడుతోంది. అయినా ఉద్యోగుల ఆరోగ్యానికి ఇంత గట్టి పూచీ ఇచ్చిన చట్టాలు అమెరికాలో అరుదు.

వ్యాపార వాహనాలకు మోటారు బీమా కూడా తప్పనిసరి. భవనానికి, సరుకుకు బీమా చేయాలని సాధారణ చట్టమేదీ చెప్పదు. ఆ షరతు బ్యాంకు అప్పు పత్రంలోనో, అద్దె ఒప్పందంలోనో ఉంటుంది. నిజానికి వ్యాపారాన్ని ఒక్క రోజులో తుడిచిపెట్టే ప్రమాదాలు ఎక్కువగా ఈ ఆస్తి విషయంలోనే ఉన్నాయి. 1992 సెప్టెంబరులో ఇనీకి హరికేన్ కవాయ్ దీవిని ధ్వంసం చేశాక బీమా కంపెనీలు హరికేన్ బీమా నుంచి తప్పుకున్నాయి. దాంతో 1993లో రాష్ట్రమే హరికేన్ సహాయ నిధిని స్థాపించాల్సి వచ్చింది. 2023 ఆగస్టులో కార్చిచ్చుకు మావీ దీవిలోని లహైనా పట్టణంలో దుకాణాల వీధి బూడిదైంది.

హరికేన్ నష్టానికి తరచు వేరే పాలసీ కావాలి. సాధారణ ఆస్తి పాలసీలు వరద నష్టాన్ని మినహాయిస్తాయి. కేంద్ర ప్రభుత్వ వరద బీమా పథకంలో వ్యాపార భవనానికి 5 లక్షల డాలర్లు, అందులోని సామగ్రికి మరో 5 లక్షల డాలర్ల వరకే రక్షణ దొరుకుతుంది. ఆ పాలసీ మామూలుగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు కాబట్టి, తుపాను హెచ్చరిక వెలువడ్డాక కొన్నది ఆ తుపానుకు అక్కరకు రాదు.