వకీలు ఎవరి మనిషి?

నిజాం రాజ్యంలో కోర్టు మాట్లాడింది మా భాషే. అర్జీ రాసినా, బయాన్ తీసుకున్నా, ఫైసలా చెప్పినా ఉర్దూలోనే. అందుకని ఆ రాజ్యం మాదేననీ, దాని సుఖాలన్నీ మేమే అనుభవించామనీ ఇప్పటికీ మమ్మల్ని దెప్పేవాళ్లున్నారు. వాళ్లకు మేము చూపించేది ఒక్క సమాధి. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారి పక్కన, కామారెడ్డిగూడెంలో ఉంది. షేక్ బందగీది.

బందగీ చిన్న రైతు. అన్నదమ్ముల భూమి తగాదాలోకి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి దూరాడు. 60 ఊళ్ల మీద పెత్తనం, 40 వేల ఎకరాల భూమి ఉన్న దొర. బందగీ గడీకి పోయి చేతులు కట్టుకోలేదు, కోర్టుకెక్కాడు. తిరిగి తిరిగి గెలిచాడు. గెలిచినందుకే 1940ల మొదట్లో దొర మనుషులు దారి కాసి చంపారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకానికి ప్రేరణ ఈ బందగీయే.

నాటకం అందరికీ ఎరుకే. మేము అడిగేది వేరు. గద్దె మీద ముసల్మాను, కోర్టులో ఉర్దూ ఉండగా ఈ సాయిబు వెనక ఎవరూ ఎందుకు లేరు? జవాబు గడీలో ఉంది. పంచనామాకు ముందుండే పోలీసు పటేలు దొర మనిషి. పహాణీ రాసే పట్వారీ దొర మనిషి. దౌరా మీద వచ్చిన అమీన్ సాబు దిగేది గడీలోనే. ఆ అమీన్ ముసల్మానే కావచ్చు, ఆయన తిన్న బిర్యానీ మాత్రం దొరది. వకీళ్లు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారా? నలుగురు పిల్లల్లో ఒకణ్ని పట్నం పంపి చదివించగల ఇండ్లల్లోంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఫీజు ఇవ్వగలిగినవాడూ దొరే, పండక్కి పిలిచేవాడూ దొరే. లంచం అని పేరు పెట్టనక్కరలేదు. రాకపోకలు చాలు.

అదే దొర పాలకుర్తి చాకలి ఐలమ్మ పంట మీదికి మనుషులను పంపాడు. సంఘం అడ్డం తిరిగింది. సంఘం వాళ్ల మీద కేసులు పడ్డాయి. కానీ ఐలమ్మ పక్షాన వాదించడానికి కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి వకీలు ఉన్నాడు. అదీ పరిచయమే కదా అంటే, అవును, పరిచయమే. సంఘం సంపాదించి పెట్టిన పరిచయం. బందగీ నాటికి ఆ ఊళ్లల్లో సంఘం ఇంకా అంతగా వేళ్లూనలేదు.

1948 తర్వాత గద్దె మారింది, మెల్లగా కోర్టు భాషా మారింది. 2016 అక్టోబర్‌లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. 2022 జూన్ దాకా ఈ మూడింటికీ జిల్లా జడ్జి వరంగల్‌లోనే. ఇప్పుడు ఎక్కడి జడ్జి అక్కడే. బస్సు ఛార్జీ మిగిలింది, కాదనం. కానీ చిన్న ఊరి బార్‌లో అందరికీ అందరూ తెలుసు. తండ్రి, కొడుకు, బావమరిది వంటి దగ్గరి బంధువు జడ్జిగా ఉన్న కోర్టులో వకీలు వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. ఒకే సీనియర్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు, ఒకే పార్టీ జెండా మోసినవాళ్లకు, ఒకే కులం హాస్టల్‌లో అన్నం తిన్నవాళ్లకు ఏ నియమం ఉంది?

క్రిమినల్ కేసులో ఇది మరీ కోస్తుంది. దెబ్బ తిన్నవాడు తన వకీలును తాను పెట్టుకోలేడు. వాదించేది సర్కారు తరఫు పబ్లిక్ ప్రాసిక్యూటర్. మనం పెట్టుకున్న వకీలు ఆయన వెనక నిలబడి సాయం చేయాల్సిందే. ఆ ప్రాసిక్యూటర్‌ను జిల్లా కలెక్టరు, సెషన్స్ జడ్జితో సంప్రదించి తయారుచేసిన జాబితాలోంచి సర్కారు నియమిస్తుంది. కాగితం మీద అంతే. ఆ జాబితాలోకి పేరు ఎక్కడానికి ఎవరెవరి గుమ్మాలు తొక్కాలో బార్‌లో చిన్న జూనియర్‌కు కూడా తెలుసు. సర్కారు మారితే పేర్లు మారతాయి. బెయిలు రోజున ఆయన గట్టిగా వ్యతిరేకించవచ్చు, ‘కోర్టు వారి దయ’ అని కూర్చోనూవచ్చు. సాక్షికి ముందు రోజు స్టేట్‌మెంట్ చదివి గుర్తు చేయవచ్చు, చేయకపోనూవచ్చు. ఏ తీర్పులోనూ ఇది కనపడదు. సాక్షి ఎదురు తిరిగాడని మాత్రం రాస్తారు.

అందుకే మా బస్తీలో కేసు పడితే పెద్దలు వకీలుకు చట్టం ఎంత వచ్చునని అడగరు. ఎవరి మనిషని అడుగుతారు. మహబూబాబాద్ తండాలో లంబాడీ రైతు, భూపాలపల్లి గనుల్లో కాంట్రాక్టు కూలీ అడిగేదీ అదే. ఇందులో మేము ఒంటరివాళ్లం కాము. ఆ సంగతి మాకు మేము చెప్పుకోవడానికి చాలా ఆలస్యం చేశాం, మా వాళ్లల్లో కొందరికి ఇంకా ఇష్టం లేదు.

ఉచిత న్యాయసాయం ఉంది కదా అంటారు. 1987 నాటి చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం అడగకుండా వకీలును ఇస్తారు. ఆ హక్కు వాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది, మాకు అసూయ లేదు. మైనారిటీ అన్న మాట మాత్రం ఆ పట్టికలో లేదు. బందగీ లాంటి సాయిబు ఇవాళ ఆ గుమ్మం ఎక్కాలంటే ఆదాయం తక్కువని చూపించాలి. లేదా ముందు జైల్లో పడాలి.