చేప కొలత, కావేరి కథ: మెజరింగ్ బోర్డు కొనే ముందు



గాలం సరదా ఉన్న మన పిల్లలు కొందరు ఈ మధ్య ఒక ప్రశ్న అడుగుతున్నారు. పట్టిన చేపను కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేయడానికి ఎలాంటి మెజరింగ్ బోర్డు కొనాలి? ప్రశ్న చిన్నదే. కానీ మనం తరతరాలుగా తాగుతున్న కావేరి నీళ్ళలోనే కొలత సరిగా లేక ఒక చేప దాదాపు అంతరించే దశకు వచ్చింది. ఆ కథ తెలిస్తే ఏ పలక కొనాలో ఎవరికి వారికే తెలుస్తుంది.

మన పెద్దలకు కొలత చేతిలోనే ఉండేది. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. "మూరెడు చేప పడింది" అంటే ఇంటిల్లిపాదికీ సరిపోయే కూర అని అర్థం. కూరకు ఆ కొలత చాలు. ఎవరి మూర వారిది కాబట్టి, పదేళ్ళ తర్వాత పోల్చి చూడడానికి మాత్రం పనికిరాదు.

గాలం వేట ఇంగ్లీషువాళ్ళతో వచ్చిందనుకుంటాం. అది నిజం కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రాయించిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో రాజుల వినోదాల మధ్య చేపల వేటకు ఒక అధ్యాయమే ఉంది. సముద్రపు చేపలు, నది చేపలు, పొలుసున్నవి, లేనివి, పెద్దవి, చిన్నవి అని విడదీసి, దేనికి ఏ ఎర వేయాలో చెప్పింది. ఆ కల్యాణి నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ. మన కాకతీయులు మొదట ఆ చాళుక్యుల సామంతులే. అంటే మొదట చేపను గుర్తుపట్టాలి, ఆ తర్వాతే గాలం వేయాలి అన్న తెలివి ఈ నేలకు కొత్త కాదు. తర్వాత జరిగిన పొరపాటు సరిగ్గా అక్కడే.

దొరల కాలంలో లెక్క బరువులోకి మారింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం అచ్చువేశాడు. దానితో మహసీర్ పేరు గాలం వేసేవాళ్ళందరికీ పాకింది. 1897లో ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ వచ్చి, నీళ్ళలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నేరం చేసింది. 1946లో మైసూరులోని వాన్ ఇంగెన్ కుటుంబానికి చెందిన డి వెట్ వాన్ ఇంగెన్ కబిని నదిలో 120 పౌండ్ల మహసీర్‌ను పట్టాడు. మన లెక్కలో 54 కిలోలు దాటింది. ఆ కుటుంబం వృత్తి చచ్చిన పులులకూ చిరుతలకూ బొమ్మరూపం ఇవ్వడం. ఆ రోజుల్లో రికార్డు అంటే ఒడ్డుకు లాగడం, తూకానికి వేలాడదీయడం. చేప బతికిందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

ఆ పద్ధతి 1970లలో మారింది. 1972లో బెంగళూరులో వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. భీమేశ్వరి, గాలిబోర్, దొడ్డమకలి వంటి చోట్ల కావేరి ఒడ్డున శిబిరాలు వెలిశాయి. రాగిముద్ద ఎరగా వేసి మహసీర్‌ను పట్టడం, తూచడం, వదిలేయడం పద్ధతిగా మారింది. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టిన స్థానికులు కొందరు అక్కడే గైడ్లుగా, కాపలాదారులుగా కుదురుకున్నారు. బతికున్న చేపే కూలి పెడుతుందని తేలింది.

గాలిబోర్‌లో 1998 నుంచి 2012 వరకు పట్టిన చేపల లెక్క పుస్తకాల్లో ఉండిపోయింది. 6 వేలకు పైగా చేపలు. తర్వాత శాస్త్రవేత్తలు ఆ లెక్కలు తిరగేశారు. గంటకు పడే చేపల సంఖ్య ఏటేటా పెరిగింది, సగటు బరువు తగ్గింది. పైకి చూస్తే శుభవార్తే: నదిలో పిల్ల చేపలు పెరుగుతున్నాయని అర్థం.

లోతుగా చూసేసరికి కథ మారిపోయింది. పెరిగినది నీలి రెక్కల మహసీర్. అది కావేరి చేప కాదు. మహారాష్ట్రలో లోనావ్లా దగ్గర టాటా వారి హేచరీలో పెంచిన పిల్లలను మంచి ఉద్దేశంతోనే దేశంలో అనేక నదుల్లో, కావేరిలో కూడా వదిలారు. మన నదికి సొంతమైన మూపురం మహసీర్, నారింజ రంగు రెక్కలది, నిశ్శబ్దంగా తగ్గిపోయింది. రెండింటినీ 'మహసీర్' అని ఒకే పేరు కింద చూస్తే, ఒకటి పోతున్న సంగతి మరొకటి కప్పేసింది.

ఇంకా విచిత్రం, ప్రపంచమంతా పేరుమోసిన ఆ చేపకు శాస్త్రీయ నామం కూడా స్థిరపడలేదు. 2018లో పరిశోధకులు తమిళనాడులోని మోయార్ నదిలో దొరికిన చేపలను పరిశీలించి, అది కేరళ పాంబార్ నది నుంచి వర్ణించిన టోర్ రెమదేవియే అని తేల్చారు. జూలాజికల్ సర్వే శాస్త్రవేత్త కె. రేమాదేవి గారి పేరు మీద ఉన్న చేప అది. పేరు ఖాయమైన ఆ ఏడాదే ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. పేరు లేని చేపను ఏ జాబితాలో పెట్టి కాపాడతారు?

ఇప్పుడు పలక సంగతి. నది అడుగుతున్నది ఒక్కటే: ఏ చేప, ఎంత పొడవు, బతికి వెళ్ళిందా? ఈ మూడింటికీ జవాబు చెప్పే పలకే మంచి పలక.

మొదటిది, సున్నా దగ్గర నిలువు అడ్డు ఉండాలి. చేప మూతి మూసి దానికి ఆనించాలి. అడ్డు లేని టేపును పొట్ట వంపు మీదుగా పరిస్తే పొడవు ఎక్కువ చూపిస్తుంది.

రెండోది, తోక చీలిక వరకు కొలిచారా, చివర వరకు కొలిచారా అన్నది ప్రతిసారీ రాసుకోవాలి. మహసీర్ తోక లోతుగా చీలి ఉంటుంది కాబట్టి తేడా బాగానే వస్తుంది. అంకెలు పెద్దవిగా, ఫొటోలో కనబడేలా ఉండాలి. ఆ ఫొటోలో రెక్కల రంగు, మూపు కూడా పడాలి. పైన చెప్పిన తప్పు మళ్ళీ జరగకుండా చూసేది ఆ ఫొటోయే.

మూడోది, చేప ఒంటి మీది జిగురు దాని కవచం. పలక నునుపుగా, లేత రంగులో ఉండాలి. అల్యూమినియం, నల్ల ప్లాస్టిక్ ఎండకు కాలతాయి. ఏదైనా సరే, చేపను పెట్టే ముందు నీళ్ళతో తడపాలి. చేతులూ తడపాలి.

మడతపెట్టే పలక కొంటే అతుకు దగ్గర అంకెలు సరిగా కలుస్తున్నాయా అని స్టీలు టేపుతో సరిచూసుకోండి. చుట్టే రకం సాగిపోతుంది, అప్పుడప్పుడు పరీక్షించాలి. ఖర్చు వద్దనుకునేవారు 6 అంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువుగా రెండుగా చీల్చి, ఒక చివర మూత బిగించి, అంచులు రాసి నున్నగా చేసి, లోపల అంకెలు గీసుకోవచ్చు. ఆ దోనెలో చేప ఎగిరి పడదు.

చేప పలక కంటే పెద్దదైతే ఒడ్డుకు తేనేవద్దు. తడి వల గుడ్డలో నీళ్ళలోనే ఉంచి టేపు పట్టండి. బరువు కోసం దవడ పట్టుకుని వేలాడదీయవద్దు. పొడవును చుట్టుకొలత వర్గంతో గుణించి 800తో భాగించే అంగుళాల లెక్క ఒకటుంది. అది ఇతర చేపలకు కుదిర్చినది, మూపురం ఉన్న చేపకు అంచనా మాత్రమే.

మరో మాట. 2012 నాటికి వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో గాలం కూడా వేటే అన్న అర్థం స్థిరపడి కావేరి శిబిరాల్లో గాలం ఆగిపోయింది. అనుమతి ఉన్న చోటే వెళ్ళండి, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, బెంగళూరు, మైసూరు. ఈ ఊళ్ళలో తరాలుగా ఉన్న మన భాషను జనాభా లెక్కల్లో ఏ పేరు కింద రాస్తారో అన్న బాధ మనకు బాగా తెలుసు. తప్పు గడిలో పడితే ఉన్నవాళ్ళు కూడా లేనట్టే. చేపకు ఆ గతి మన చేతుల మీదుగా పట్టకూడదు. తేదీ, చోటు, జాతి, పొడవు అని నాలుగు గీతలు గీసిన నోటు పుస్తకం ఒకటి పలకతో పాటు సంచిలో పెట్టుకోండి.