ఒక పటం, ఒక ఎన్నిక: కామారెడ్డి మాస్టర్ ప్లాన్ కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమన్నారు. చరిత్ర అనగానే నిజాం కాలానికే పోనవసరం లేదు. మన జిల్లా కేంద్రంలో 2023లో జరిగినది మనందరం కళ్ళారా చూసినదే. మనుమల కోసమైనా వ్రాసి ఉంచదగినది.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. కలెక్టరేటు వచ్చింది, పక్కనే జాతీయ రహదారి, రైలు మార్గం ఉన్నాయి. పట్టణం పెరిగింది. చుట్టుపక్కల గ్రామాలు మున్సిపాలిటీలో కలిశాయి. పెరిగే ఊరికి ప్రణాళిక ఉండాలన్నది నిజమే. రోడ్డు ఎటు పోవాలి, కార్ఖానా ఎక్కడ పెట్టాలి, ఏ భూమి పచ్చగా మిగలాలి అని ముందే గీసుకోకపోతే తరువాత మురుగు కాలువకు కూడా చోటు దొరకదు. ఆ పని కోసమే ముసాయిదా మాస్టర్ ప్లాన్ తయారయింది. అభ్యంతరాలకు 60 రోజుల గడువిచ్చారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. పటంలో తమ సాగు భూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని, కొన్నిటి మీదుగా వెడల్పు రోడ్లు పోతున్నాయని రైతులకు తెలిసింది. జోన్ మార్చినంత మాత్రాన భూమి తీసుకున్నట్టు కాదని అధికారులు చెప్పారు. కాగితం మీద అది సరైన మాటే. ఫైళ్ళ మధ్య బ్రతికిన మనకు అది అర్థమవుతుంది. కానీ రైతు లెక్క వేరు. పటంలో రంగు మారిన భూమిని కొనేవాడు వెనుకంజ వేస్తాడు, ధర పడిపోతుంది. మనకు నెలనెలా పెన్షన్ వస్తుంది, రిటైరయిన నాడు గ్రాట్యుటీ చేతికందింది. రైతుకు ఆ రెండెకరాలే ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, పెన్షన్. బిడ్డ పెండ్లి అయినా, ఆసుపత్రి ఖర్చు అయినా అందులోనుంచే వెళ్ళాలి. పైగా అక్కడి పొలాలకు మన బాన్సువాడ వైపు మాదిరి నిజాంసాగర్ కాలువ లేదు. బోర్లు వేసి, అప్పులు తెచ్చి సాగులోకి తెచ్చిన నేల అది.

2023 జనవరి 4న ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు వేలాది మంది రైతులు, ఆడవాళ్ళతో సహా, కలెక్టరేటును ముట్టడించారు. 6వ తేదీన పట్టణం బంద్ అయింది. గ్రామాల రైతులు ఐక్య కార్యాచరణ కమిటీగా ఏర్పడ్డారు. కొందరు హైకోర్టుకు వెళ్ళారు. మిగిలినవారు తమ వార్డు కౌన్సిలర్ల గడప ఎక్కి రాజీనామా చేయమని అడిగారు. నా దృష్టిలో అసలు పదునైన పని అదే. హైదరాబాదులోని మంత్రిని నిలదీయడం కష్టం గాని, పొద్దున్నే పాల దుకాణం దగ్గర కనిపించే కౌన్సిలర్‌ను నిలదీయవచ్చు. ఇది ముసాయిదా మాత్రమేనని ప్రభుత్వం చెప్పినా ఎవరూ శాంతించలేదు. జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ ఇటువంటి ఆందోళనే నడిచింది.

అంతటితో ముగిసిందనుకున్నాం. ఆగస్టులో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు గజ్వేల్‌తో పాటు కామారెడ్డి నుంచి కూడా పోటీ చేస్తారని ప్రకటన వచ్చింది. వారి తల్లిగారి ఊరు కోనాపూర్ ఈ ప్రాంతమే. స్థానిక శాసనసభ్యులు గంప గోవర్ధన్ గారు సీటు వదులుకున్నారు. సాగునీరు తెస్తామని, నియోజకవర్గం రూపురేఖలు మారుస్తామని హామీలిచ్చారు. మామూలుగా ముఖ్యమంత్రి మన ఊరి నుంచి నిలబడితే జనం సంతోషపడతారు. కానీ ఆ ఏడాది మొదట్లో పటం చూసి బెదిరిన రైతుకు, అభివృద్ధి అన్న మాట వినగానే భూమి గుర్తుకు వచ్చింది. ప్రత్యర్థులు కూడా ఆ భయాన్ని బాగానే వాడుకున్నారు, అది కూడా చెప్పుకోవాలి.

నవంబరు 30న పోలింగు జరిగింది. డిసెంబరు 3న లెక్కింపులో మాస్టర్ ప్లాన్ ఆందోళనలో రైతుల వెంట నిలిచిన బి.జె.పి. అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గారికి 66,652 ఓట్లు, ముఖ్యమంత్రికి 59,911, కాంగ్రెస్ పక్షాన నిలిచిన రేవంత్ రెడ్డి గారికి 54,916 వచ్చాయి. 6,741 ఓట్ల తేడా. పదవిలో ఉన్న ముఖ్యమంత్రి, నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోయే నాయకుడు, ఇద్దరూ ఒకే స్థానిక అభ్యర్థి చేతిలో ఓడారు.

ఓటమికంతటికీ మాస్టర్ ప్లానే కారణమనడం సరికాదు. ఆ ఏడు రాష్ట్రమంతటా గాలి మారింది. చంద్రశేఖరరావు గారు గజ్వేల్‌లో గెలిచారు. మన బాన్సువాడలో అదే పార్టీకి చెందిన పోచారం శ్రీనివాసరెడ్డి గారు ఇండ్లు, రోడ్లు చూపించి ఓట్లడిగి మళ్ళీ గెలిచారు. ఎల్లారెడ్డి, జుక్కల్ కాంగ్రెసుకు పోయాయి. ఒక్క జిల్లాలో నాలుగు స్థానాలు, మూడు పార్టీలు.

మన ప్రాంతంలో రైతులు ఎన్నికను ఆయుధం చేసుకోవడం అదే మొదలు కాదు. 2019 ఏప్రిల్‌లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది నిలబడితే అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. పోలింగు కేంద్రానికి 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. రెండోసారి పోటీ చేసిన కవిత గారు 70,875 ఓట్లతో ఓడిపోయారు. రైతులడిగిన పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదులో ప్రారంభమైంది. ఆరేళ్ళు పట్టింది.

బాన్సువాడ కూడా 2018లో మున్సిపాలిటీ అయింది. మన ఊరి పటం నోటీసు బోర్డు మీదికి వచ్చిన రోజున, పొద్దున వాకింగుకు వెళ్ళే మన సభ్యులు ఒక్క పది నిమిషాలు అక్కడ ఆగి, సర్వే నంబర్లు చదివి, చదువు రాని ఇరుగుపొరుగు వారికి చెప్పండి. అభ్యంతరం వ్రాయడం మనకు చేతనైన పనే.