నలుగురిలో అడిగిన సందేహం

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు మన పెద్దవాళ్లు. ఆ మాట అన్న నోటితోనే, నలుగురిలో ఏదైనా అడగబోయిన ఆడపిల్లను “తెలీకపోతే ఊరుకోరాదూ!” అని కూర్చోబెట్టారు కూడా. అందుకే మనలో చాలామందికి సందేహం రావడం వేరు, దాన్ని పైకి అనడం వేరు. క్లాసులో అర్థంకాని లెక్కను ఇంటికొచ్చాక పక్కింటి అక్కయ్య దగ్గర గుట్టుగా చెప్పించుకున్నవాళ్లం ఎంతమందిమి లేము!

ఈ వారం నేను చెప్పబోయేది అలాంటి సందేహాల కథే. కంప్యూటర్ భాష నేర్చుకోబోయి మధ్యలో చిక్కుపడ్డవాళ్లు, ముఖమైనా చూడని మనుషుల్ని అడిగి ఆ చిక్కు విప్పించుకోవడం ఎక్కడ, ఎలా మొదలైందన్న కథ. కంప్యూటరనగానే పేజీ తిప్పేయకండి. నేనూ బి.ఏ. చదివినదాన్నే. నాకు అర్థమైనంత మేరకే చెబుతాను.

ముందు, కంప్యూటర్ భాషంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. సంక్రాంతి సంచికల్లో ముగ్గు కింద “21 చుక్కలు, సందు చుక్క 11 వచ్చేదాకా” అని వేస్తారు చూశారూ, అదీ! ఎక్కడ మొదలుపెట్టాలి, వరసకెన్ని తగ్గించాలి, ఎక్కడ ఆగాలి — అన్నీ ఆ ఒక్క ముక్కలోనే ఉన్నాయి. తేడా ఏమిటంటే, చుక్క కాస్త అటూ ఇటూ అయితే మనం సర్దుకుంటాం. యంత్రం సర్దుకోదు. ఒక్క చుక్క తప్పితే ముగ్గంతా తప్పే. ఆ తప్పిన చుక్క వంగి వేస్తున్నవాళ్లకు ఎంతకీ కనబడదు. గడపలో నిలబడి చూసేవాళ్లకు ఇట్టే కనబడుతుంది. పక్కన ఇంకో మనిషి ఉండాలనేది అందుకే.

మా తమ్ముడి కూతురు పైథాన్ అనే భాష నేర్చుకుంటోంది. రాత్రి పడుకోబోయే ముందు తన సందేహం ఇంటర్నెట్‌లో రాసిపెడుతుంది. తెల్లారేసరికి ఏ దేశం వాళ్లో జవాబు రాసి ఉంచుతారు. “ఊరూ పేరూ తెలీని నీకు చెబితే వాళ్లకేమొస్తుందే?” అన్నాను. “వాళ్లకీ ఎవరో చెప్పారు కదత్తా!” అంది. ఆ ‘ఎవరో’ ఎవరా అని ఆరా తీస్తూ వెళితే, ఇంటర్నెట్ పుట్టకముందు కాలానికి వెళ్లి తేలాను.

1945లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే కంప్యూటరును తయారు చేస్తున్నారు. బరువు 30 టన్నులు, లోపల సుమారు 18,000 వాక్యూం ట్యూబులు. దానిచేత లెక్కలు చేయించే పని ఆరుగురు యువతులకు అప్పగించారు. వాళ్ల చేతిలో పాఠ్యపుస్తకం లేదు, కంప్యూటర్ భాష అనేదింకా పుట్టనే లేదు. యంత్రం నమూనా చిత్రాలు మాత్రం ఇచ్చి, అర్థం చేసుకోమన్నారు. వాళ్లలో జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్ ఒకరోజు ఆ చిత్రాలతో కుస్తీ పడుతున్నారు. పై అంతస్తులో కట్టుబడి పని జరుగుతోందట. కప్పు ఊడిపడుతుందేమో చూద్దామని ఒకాయన గదిలోకి వచ్చాడు. తీరా ఆయనెవరు? ఆ యంత్రాన్ని రూపొందించినవాళ్లలో ఒకడైన జాన్ మాక్లీ! వీళ్లిద్దరూ ఆయన్ని వదిలిపెడతారా? అక్కడే నిలబెట్టి తమకు కొరుకుడుపడని భాగం చెప్పించుకున్నారు. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను లోకానికి చూపించినప్పుడు ఈ ఆరుగురి పేర్లూ ఎవరూ ఎత్తలేదు. గుర్తింపు రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆ సంగతి చెప్పుకోవాలంటే మరో వ్యాసం కావాలి. ఇప్పటికి మనకు కావలసింది ఒక్కటే — వాళ్లకు చెప్పే మనిషి అదృష్టవశాత్తూ ఆ గదిలోకే వచ్చాడు. రాకపోతే?

గదిలో లేని మనిషిని అడగడమెలా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది ఇల్లినాయ్ రాష్ట్రంలో, అర్బానా అనే ఊళ్లో. అక్కడి విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ అనే ఇంజనీరు 1960లో, కంప్యూటర్ చేత పిల్లలకు పాఠాలు చెప్పించాలని ప్లేటో అనే ఏర్పాటు మొదలుపెట్టాడు. మధ్యలో ఒక పెద్ద కంప్యూటరు. దానికి తీగలతో కలిపిన తెరలూ, టైపు మీటలూ. 1964లో బిట్జర్, ఇంకో ఇద్దరూ కలిసి ప్లాస్మా తెర కనిపెట్టారు. 1970ల్లో ప్లేటో ముందు కూర్చున్నవాళ్ల ముఖాల మీద పడిందంతా ఆ తెర నారింజరంగు వెలుగే. తాకితే స్పందించే తెర కూడా అప్పుడే ఉంది దానికి!

సరే, యంత్రం వచ్చింది. పాఠాలెవరు రాయాలి? ఇంజనీర్లకు కంప్యూటరు తెలుసుగానీ నర్సు పని తెలుసా, జీవశాస్త్రం తెలుసా? తెలిసినవాళ్లే రాయాలి. తొలిరోజుల్లో అలా పూనుకున్నవాళ్లలో బిట్జర్ భార్య మేరియన్ ఉంది. ఆమె నర్సు. గుండెపోటు వచ్చిన రోగిని ఎలా చూసుకోవాలో నర్సింగ్ విద్యార్థినులు తెర మీదే ప్రశ్నలు వేసి నేర్చుకునేలా పాఠం తయారుచేసి, 1966లో నర్సుల పరిశోధన పత్రికలో దాని గురించి వ్యాసం కూడా ప్రచురించింది. రోగికి ప్రాణగండం లేకుండా ఎన్నిసార్లయినా తప్పు చేసి నేర్చుకోవచ్చు కదా!

కానీ మాస్టర్లందరూ కంప్యూటర్ నిపుణులు కాలేరుగా. 1967లో పాల్ టెన్జర్ అనే జీవశాస్త్ర విద్యార్థి వాళ్లకోసమని ఒక సులువైన భాష తయారుచేశాడు. దాని పేరు ట్యూటర్. అందులో ‘యాట్ 1812’ అంటే తెర మీద 18వ వరస, 12వ గడి. ‘రైట్’ అంటే అక్కడ ఫలానా మాట రాయి. ‘యారో’ అంటే విద్యార్థి జవాబు కోసం ఆగు. ‘ఆన్సర్’ అన్నచోట సరైన జవాబేదో, ‘రాంగ్’ అన్నచోట తప్పు జవాబేదో మాస్టారు ముందే రాసిపెట్టుకుంటాడు. ఇంతే మొదలు. పిల్లవాడు అక్షరదోషంతో రాసినా మాట గుర్తుపట్టి, ‘నీ జవాబులో ఈ మాట చూసుకో’ అన్నట్టు గుర్తు కూడా పెట్టేదట. టీచర్ పుట్టించిన భాషలా ఉంది కాదూ!

సులువన్నది మొదటి పది అడుగులకే. అసలు పాఠం రాయబోయేసరికి వంద సందేహాలు. పైగా ఆ భాష పెరుగుతున్న పిల్లలాంటిది. పుస్తకంలో ఉన్నదొకటి, యంత్రంలో చేరినదొకటి. అడిగి తెలుసుకోవడమే దారి. మొదట్లో ఒక ఉమ్మడి కాగితంలాంటిది కంప్యూటర్లో ఉంచేవారు — ఎవరైనా తెరిచి తమ ఇబ్బంది రాయొచ్చు. రాయనైతే రాయొచ్చుగానీ, ఇంకొకరు రాసింది చెరిపేయనూ వచ్చు! ఎవరు రాశారో నమ్మకం లేదు. ఒకరి పేరుతో ఇంకొకరు వేళాకోళాలు. హాస్టల్ నోటీసు బోర్డు గుర్తొస్తోందా?

1973 వేసవిలో టెన్జర్ ఈ గొడవ తీర్చమని డేవిడ్ వూలీ అనే కుర్రాడికి చెప్పాడు. అతని వయసు 17 ఏళ్లు! ఆగస్టుకల్లా ‘ప్లేటో నోట్స్’ తయారైంది. రాసినవాళ్ల పేరు, తేదీ, వేళ యంత్రమే వేస్తుంది. ఒకరి రాత ఇంకొకరు చెరపలేరు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ప్రశ్న కిందా వరసగా జవాబులు — ఒక్కో ప్రశ్నకు 63 దాకా. ఇందులో మూడు విభాగాలు చేశారు. ప్రకటనలకొకటి, నలుగురూ మాట్లాడుకోవడానికొకటి, మూడోది ‘హెల్ప్ నోట్స్’. అంటే సాయం కోరేవాళ్లది. కంప్యూటర్ భాష నేర్చుకునేవాళ్లు దూరాన ఉన్న తోటివాళ్లను అందరి ఎదుటా అడిగి తెలుసుకున్న తొలి తావుల్లో అదొకటి.

అంతేకాదు. మరీ తొందరగా ఉంటే ‘టర్మ్’ అనే మీట నొక్కి, ‘కన్సల్ట్’ అని కొట్టాలి. ఎక్కడో ఉన్న సలహాదారు పలికేవాడు. మీ తెర మీద ఉన్నదంతా ఆయన తెర మీదా కనబడుతుంది; కింద వరసల్లో ఇద్దరూ టైపు చేస్తూ మాట్లాడుకోవచ్చు. గడపలో నిలబడి చుక్క తప్పిందని చెప్పే మనిషి, తీగ మీదుగా వందల మైళ్ల అవతలి నుంచి వచ్చాడన్నమాట! 1970ల మధ్యకల్లా అలాంటి తెరలు దాదాపు వెయ్యి, అనేక ఊళ్లలో ఉండేవి.

ఈ రెండింటిలో ఏది గొప్ప? నన్నడిగితే నోట్స్‌కే ఓటేస్తాను. సలహాదారు చెప్పింది ఆ ఒక్కరికే అందుతుంది. నోట్స్‌లో అడిగింది అక్కడే ఉండిపోతుంది. అదే సందేహం వచ్చి, అడగడానికి జంకే మనిషి ఇంకెక్కడో ఉంటుంది చూడండి, ఆమె ఎవరినీ అడగకుండానే చదువుకుని గట్టెక్కుతుంది. ధైర్యం చేసి అడిగినావిడకు తానెవరికి మేలు చేసిందో జన్మలో తెలీదు.

ఆ విత్తనం తరవాత చాలాచోట్ల మొలిచింది. విశ్వవిద్యాలయాల కంప్యూటర్లను టెలిఫోన్ తీగలతో కలుపుతూ 1980లో యూజ్‌నెట్ వచ్చింది. అర్బానాలో చదువుకుంటూ ప్లేటోతో పెరిగిన కుర్రాళ్లే 1989లో ‘లోటస్ నోట్స్’ను ఆఫీసులకు తెచ్చారు. 1987లో అనితా బోర్గ్ అనే శాస్త్రజ్ఞురాలు ఒక కంప్యూటర్ సదస్సుకు వెళ్లి, వచ్చిన ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాల్సి రావడం చూసి, ఆ వృత్తిలోని స్త్రీలు ఒకరినొకరు అడిగి చెప్పుకోవడానికి ‘సిస్టర్స్’ అనే ఉత్తరాల వలయం ప్రారంభించింది. అడగడానికి ఆడవాళ్లకు వేరే చోటెందుకు అంటారా? ఎందుకో ఆ తరవాతి చరిత్రే చెబుతుంది.

2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చింది. లోకంలోని ప్రోగ్రామర్లంతా అక్కడికే వెళ్లేవారు. జవాబులు అమోఘం. కానీ కొత్తగా వచ్చినవాళ్లు బిడియంగా ఒక ప్రశ్న వేస్తే, “ఇది ఇదివరకే అడిగారు”, “సరిగ్గా అడగడం నేర్చుకో” అని మొహం మీదే తలుపు వేసిన సందర్భాలూ తక్కువేం కాదు. కొత్తవాళ్లకూ స్త్రీలకూ తమ దగ్గర ఆదరణ లేదనిపిస్తోందని, ఇది మారాలని ఆ సంస్థే 2018లో బహిరంగంగా ఒప్పుకుంది. జవాబు తెలియడం ఒక విద్య, జవాబు చెప్పడం ఇంకో విద్య. రెండోది ఏ కంప్యూటర్ భాషలోనూ రాయలేం కాబోలు.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటినుంచి అలాంటి చోట్ల ప్రశ్నలు బాగా పడిపోయాయి. ఎందుకు పడిపోవు? యంత్రం విసుక్కోదు. అర్ధరాత్రి అడిగినా, పదిసార్లు అడిగినా ‘ఇది కూడా తెలీదా?’ అనదు. బిడియపడే ఆడపిల్లకు ఇంతకన్నా ఏం కావాలి? మా మేనకోడలూ ఇప్పుడు సగం సందేహాలు దాన్నే అడుగుతోంది. నేను తప్పు పట్టను.

అయితే ఒక్క మాట. ఆ యంత్రం ఈ జవాబులు ఎక్కడ నేర్చింది? నలుగురిలో సిగ్గు విడిచి ఒకరు అడిగితే, పని మానుకుని ఇంకొకరు ఓపిగ్గా రాసిపెట్టారు చూడండి, ఆ రాతల్లోంచి కూడా. ఇప్పుడు మనం యంత్రాన్ని గుట్టుగా అడిగి తెలుసుకున్నది మన దగ్గరే ఉండిపోతుంది. వెనక వచ్చే పిల్లకు అది దొరకదు. పక్కింటి అక్కయ్యను రహస్యంగా అడిగిన రోజులకే మళ్లీ చేరుకుంటున్నామేమోనని నా భయం. అక్కయ్య ఇప్పుడు సర్వజ్ఞురాలయింది, అంతే తేడా.

అందుకే మా పిల్లకు ఒకటే చెప్పాను. “యంత్రాన్ని అడుగమ్మా, వద్దనను. కానీ నీకు చిక్కు విడిన రోజున, ఆ చిక్కేమిటో, ఎలా విడిందో నలుగురికీ కనబడేచోట నాలుగు వాక్యాలు రాసిపెట్టు. ఎవరైనా అడిగితే, నీకు ఎంత చిన్నదనిపించినా విసుక్కోకుండా చెప్పు” అని. “సరే అత్తా” అంది. మొన్న ఎవరో బ్రెజిల్ దేశపు అమ్మాయి సందేహానికి తనే జవాబు రాసిందట. అరగంట పట్టిందని వాళ్లమ్మ ఒకటే కోప్పడింది, అన్నం చల్లారిపోతోందని!