మితవాది ఎవరు, అతివాది ఎవరు?

నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల్లో 1930 నుంచి నడిచిన ఆంధ్రమహాసభ చరిత్ర ఎవరు రాసినా రెండు మాటలు తప్పకుండా వస్తాయి: మితవాదులు, అతివాదులు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి మొదటి జాబితాలో ఉంటారు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, కొలనుపాక ఆరుట్ల సోదరులు రెండో జాబితాలో. పేర్లు ఇలా పంచేస్తే కథ చెప్పడం సులువే. దేంట్లో మితం, దేంట్లో అతి అని అడిగితే మాత్రం జాబితాలు చెదిరిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ చెదరడం బాగా కనిపిస్తుంది. మహాసభ సమావేశాల్లో దేవరకొండ (1931), షాద్‌నగర్ (1936), చిలుకూరు (1941), భువనగిరి (1944) సభలు జరిగింది ఈ రెండు జిల్లాల్లోనే. సంస్థ చీలింది కూడా భువనగిరిలోనే.

ఇలాంటి ముద్రలు ఎక్కడా ఒకే అర్థంతో నిలవలేదు. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో రాజు అధికారం ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడివైపున, తగ్గాలన్నవాళ్లు ఎడమవైపున కూర్చున్నారు. కుడి, ఎడమ రాజకీయాలకు అదే మొదలు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో లిబరల్ అంటే వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టొద్దనేవాడు. ఇవాళ అమెరికాలో లిబరల్ అంటే పేదలకోసం ప్రభుత్వం ఖర్చు పెట్టాలనేవాడు. ఆస్ట్రేలియాలో లిబరల్ పార్టీ పేరుతో ఉన్నది అక్కడి కన్జర్వేటివ్ పార్టీ. మన దేశంలో 1907 సూరత్ కాంగ్రెస్‌లో మితవాదులు, అతివాదులు విడిపోయారు. ఆ మితవాదులే తర్వాత కాంగ్రెస్ వదిలి లిబరల్ ఫెడరేషన్ పెట్టుకున్నారు. విజయనగరంలో పుట్టి అలహాబాద్‌లో ‘లీడర్’ పత్రిక నడిపిన సి.వై. చింతామణి దాని ముఖ్యుల్లో ఒకరు. బ్రిటిష్ ఇండియాలో మితవాదం అంటే అర్జీల రాజకీయం. నిజాం రాజ్యంలో అర్జీ పెట్టుకోవడానికే గుండె ధైర్యం కావాలి.

హైదరాబాద్‌లో 1921 నవంబర్‌లో వివేకవర్ధిని పాఠశాలలో సంఘ సంస్కార మహాసభ జరిగింది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే, తర్వాత ఆంధ్రమహాసభగా మారిన ఆంధ్రజన సంఘం పుట్టింది. అనుమతి లేకుండా బహిరంగ సభ పెట్టకూడదు. అలాంటి రోజుల్లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్ నుంచి ‘గోలకొండ’ పత్రిక ప్రారంభించారు. ఊళ్లో గ్రంథాలయం పెడితే పోలీసు పటేలు వచ్చి ఆరా తీసే కాలంలో ఇది మెత్తని పని కాదు. తరవాతి తరం దీనికి ‘మితవాదం’ అని పేరు పెట్టింది. సొంత కాలంలో అది తెగింపే.

మహాసభలో మొదట వచ్చిన తగవు రాజకీయానిది కూడా కాదు, ఆచారానిది. బాల్య వివాహం, వితంతు వివాహం, అంటరానితనం మీద తీర్మానాలు వస్తే సనాతనులు అడ్డుపడేవారు. ఆ తగవులో సంస్కరణ పక్షాన నిలిచింది మాడపాటి వర్గమే. హైదరాబాద్ నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల కోసం పాటుపడింది ఆయనే. 1930 జోగిపేట మహాసభతో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. సాంఘిక విషయాల కొలబద్ద పెడితే ఈ మితవాదులు ఆనాటి ఉదారవాదులు.

కొలబద్ద మార్చి భూమి పెడితే కథ వేరు. నల్లగొండ జిల్లా అంటే అప్పట్లో జనగామ తాలూకా కూడా కలిసిన జిల్లా. విసునూరు దేశ్‌ముఖ్ గడీ అందులోనే ఉంది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలని చెప్పేవారు. ఆ ఊళ్లలో వెట్టి ప్రతి కులానికీ ఒక పనిగా పంచి ఉండేది. కుమ్మరి గడీకి కుండలు ఇవ్వాలి, అధికారులు వస్తే నీళ్లు మోయాలి, వంట చేయాలి. చాకలి బట్టలుతకడమే కాక దొర ఇంటి చుట్టరికాలకు పల్లకీ మోయాలి. గౌండ్ల తన చెట్లలో కొన్నింటిని దొర కల్లుకే వదలాలి. మాదిగ చెప్పులు, మోటబొక్కెనలు ఊరికే ఇవ్వాలి. ఇక మాల, మాదిగ ఇళ్ల నుంచి ఒక మనిషి రోజూ కచేరీ ముందు కూర్చుని, కబురు ఇస్తే పక్క ఊరికి పరుగెత్తాలి. ఏ పనికీ కూలి లేదు.

వెట్టి పోవాలని మితవాదులూ అన్నారు. ఆంధ్రజన సంఘం దాని మీద కరపుస్తకాలు కూడా వేసింది. తేడా పద్ధతిలో. వెట్టిని నిషేధిస్తూ సర్కారు ఇచ్చిన ఉత్తర్వులనే అమలు చేయించాలన్నది వాళ్ల దారి. కాగితం ఉంది, చదివి చెప్పేవాడు లేడు, కాబట్టి జనానికి చదివి చెప్పాలి, అధికారికి అర్జీ పెట్టాలి. రెండో వర్గం లెక్క ఇంకోటి: అర్జీ అందుకునే అధికారి దిగేది దొర గడీలోనే, దొర భూమి మీద పట్టు పోనిదే వెట్టి పోదు. ఈ ఒక్క విషయంలో ‘అతివాదుల’ అంచనాయే నిజమైంది. పల్లెల్లో వెట్టి ఆగింది ఉత్తర్వుతో కాదు, జనం గుంపుగా నిలబడి పని మానేయడంతో.

చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. 1943 హైదరాబాద్ సభ అధ్యక్ష పదవికి పోటీ వచ్చి కొండా వెంకటరంగారెడ్డి గెలిచారు. మరుసటి ఏడు భువనగిరిలో మళ్లీ నారాయణరెడ్డి. మాడపాటి, బూర్గుల, రంగారెడ్డి వర్గం దాంతో దూరం జరిగి, తరవాత తమ మహాసభను తాము విడిగా నడుపుకుంది. భువనగిరి తీర్మానాల కంటే పెద్ద మార్పు ఒక చిన్న రుసుంలో ఉంది. సభ్యత్వాన్ని నాలుగణాలకు తగ్గించారు. అప్పటిదాకా వకీళ్లు, భూస్వాములు, చదువుకున్నవాళ్లు వచ్చి కూర్చునే సభ కాస్తా కూలీ, కౌలుదారు చీటీ తీసుకునే ‘సంగం’ అయింది. యుద్ధకాలపు లెవీ ధాన్యం వసూళ్లతో విసిగిన పల్లెలకు ఆ చీటీ ఆసరా అయింది. 1946 జూలై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక సంగం పోరాటం ఇక అర్జీల వైపు తిరిగి చూడలేదు.

అతివాదులకు నాయకుడైన రావి నారాయణరెడ్డి ఎవరు? 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట పుట్టారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న గాంధేయవాది. హైదరాబాద్ హరిజన సేవక సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం తొలి జట్టులో జైలుకు వెళ్లారు. ఆ తరవాతే కమ్యూనిస్టు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిశాక, ఇక తుపాకీ దించాలని పార్టీలో వాదించిన ముఖ్యుల్లో ఆయన ఒకరు. పోరాటం సాగాలన్నవాళ్లు ఆయనకు ‘రైటిస్టు’ ముద్ర వేశారు. నాలుగేళ్ల కిందటి అతివాదికి ఈ పేరు రావడానికి ఆయన కదలనక్కర్లేదు, ప్రశ్న మారితే చాలు. నిజాం మీద పోరాటం వేరు, ఎన్నికలు పెడతానంటున్న ప్రభుత్వం మీద పోరాటం వేరు అన్నది ఆయన వాదన. చివరికి 1951 అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

1952 ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉన్నందున కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. నెహ్రూకు అలహాబాద్‌లో వచ్చినవి 2,33,571. రెండూ ఇద్దరేసి సభ్యుల స్థానాలు, ఓటరుకు రెండేసి ఓట్లు. నల్లగొండ రెండో సీటు కూడా ఫ్రంట్‌దే, సుంకం అచ్చాలు గెలిచారు. 1957లో అదే నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లిన దేవులపల్లి వెంకటేశ్వరరావు సాయుధ పోరాటం ఆగకూడదన్న పక్షం. తరవాత ఆయన తరిమెల నాగిరెడ్డితో కలిసి విప్లవ కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. 1944లో ఇద్దరూ ఒకే ‘అతివాదం’ కింద లెక్క. 1964లో తెనాలి సమావేశం తరవాత పార్టీ రెండైతే, సీపీఐలో ఉండిపోయిన నారాయణరెడ్డి వంటివాళ్లను ‘రైట్ కమ్యూనిస్టులు’ అన్నారు. మాట వినడానికి వింతగా ఉన్నా ఆ రోజుల పత్రికల్లో అది మామూలు.

మితవాదుల జాబితా కూడా ఇలాగే. కల్వకుర్తి ప్రాంతపు పడకల్లులో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు సంస్కృతం, పారశీకం చదివిన పండితుడు, వకీలు. స్టేట్ కాంగ్రెస్ అధ్యక్ష పదవికి స్వామి రామానందతీర్థతో పోటీ పడి ఓడిపోయారు. అక్కడ కూడా స్వామీజీది అతివాద వర్గం, బూర్గులది మితవాదం. షాద్‌నగర్ నుంచి గెలిచి 1952లో ముఖ్యమంత్రి అయిన ఈ మితవాది హయాంలోనే 1950 నాటి కౌలుదారీ చట్టానికి 1954 సవరణలు వచ్చాయి. భూమికి పరిమితి, రక్షిత కౌలుదారుకు హక్కు అందులో ఉన్నాయి. ‘థర్టీ ఎయిట్ ఈ’ అని రెవెన్యూ ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపించే సెక్షన్ ఆ చట్టంలోనిదే. అమలు నత్తనడక నడిచింది. దొరలు ముందే భూములు పంచి పేర్లు మార్చుకున్నారు. అయినా రాతలో చూస్తే, దేశంలోని చాలా కాంగ్రెస్ ప్రభుత్వాల కంటే ముందడుగు.

భూదానాన్ని ఏ గంపలో వేయాలి? 1951 ఏప్రిల్ 18న భువనగిరి తాలూకా పోచంపల్లిలో దళితులు వినోబా భావేను ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. కోరింది భూమి పంపిణీ, అది అతివాదుల కోరిక. పద్ధతి దాత దయ, అది సనాతనుల పద్ధతి. ఆనాడు కమ్యూనిస్టులు దాన్ని పోరాటాన్ని చల్లార్చే ఎత్తు అన్నారు. సగం నిజమే కావచ్చు. మిగతా సగం, ఆ పోరాటం లేకపోతే ఆ వంద ఎకరాలు కదిలేవి కావు.

అసలైన సంప్రదాయ పాలన మహబూబ్‌నగర్ జిల్లాలో ఏ ముద్రా లేకుండానే సాగింది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలపేట సంస్థానాలు నిజాంకు కప్పం కట్టి తమ ఇలాకా తాము ఏలుకున్నాయి. పండితులను పోషించి గద్వాల ‘విద్వద్గద్వాల’ అనిపించుకుంది. నల్లగొండలో మాదిరి సంగం ఇక్కడ వేళ్లూనలేదు. సంస్థానాలు పోయాక వనపర్తి రాజా రామేశ్వరరావు కాంగ్రెస్ ఎంపీ అయ్యారు, ఆ కోటలో పాలిటెక్నిక్ వెలిసింది. సంస్థానాధీశుడు సోషలిజం మాటలు చెప్పే పార్టీలో కూర్చోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. 1952లో వనపర్తి ఓటర్లు శాసనసభకు పంపింది రాజును కాదు, సురవరం ప్రతాపరెడ్డిని. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల కథలు పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆటలు రాసింది. అలాంటి పుస్తకం రాసిన మనిషిని మితవాది అంటే దేంట్లో మితమో చెప్పాలి.

1956 నాటికి విశాలాంధ్ర ప్రశ్న వచ్చి అన్ని జాబితాలనూ కలిపేసింది. కమ్యూనిస్టులు విశాలాంధ్ర కావాలన్నారు. కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి తెలంగాణ విడిగా ఉండాలన్నారు. బూర్గుల ముందు తటపటాయించి చివరికి విలీనానికి ఒప్పుకున్నారు. భూమి మీద, భాష మీద, ఆచారం మీద, రాష్ట్రం మీద ఒక్కొక్కరు ఒక్కోచోట నిలబడ్డారు. అన్నింటా ఒకే వరసలో నిలిచినవాళ్లు ఈ రెండు జిల్లాల పెద్దల్లో అరుదు. 

వెంకటరంగారెడ్డి 1959లో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు పెట్టింది ఆయన పేరే. రావి నారాయణరెడ్డి 1991 సెప్టెంబర్‌లో మరణించారు. 1992లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. అదే ఏటి జాబితాలో కాళోజీ నారాయణరావు, అటల్ బిహారీ వాజ్‌పేయి పేర్లు కూడా ఉన్నాయి.