రామమనోహర చిత్ర: నెల్లూరు కవి, కన్నడ నవ్య సినిమా

స్టూడియో సెట్లనూ, తారల ఆకర్షణనూ, పాటల వరుసనూ వదులుకొని సమకాలీన సాహిత్యాన్ని ఆధారం చేసుకొన్న కన్నడ నవ్య సినిమాకు తొలి అడుగు వేసిన చిన్న సంస్థను నెల్లూరుకు చెందిన తెలుగు కవి, ఆయన భార్య కలిసి నడిపారన్న సంగతి మన సినిమా చరిత్రల్లో రావలసినంతగా రాలేదు.

1919లో జన్మించిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి ఇరవయ్యేళ్ల వయసులో ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించి, ఛందోనియమాలను బాహాటంగా ధిక్కరించిన కవిగా పేరుపడ్డారు. తర్వాత మద్రాసులో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘పెళ్లినాటి ప్రమాణాలు’ (1958) వంటి చిత్రాలు తీసిన జయంతి పిక్చర్స్‌లో పాలుపంచుకొన్నారు. పంపిణీదారుల అడ్వాన్సులతో, పేరున్న తారలతో నడిచే ఆ పద్ధతిని లోపలినుంచి చూసినవారు గనుకనే దాన్ని వదులుకోవడం ఆయనకు అవగాహనతో కూడిన నిర్ణయమైంది. కొత్త సంస్థకు పట్టాభి, ఆయన భార్య స్నేహలత తాము అభిమానించిన సోషలిస్టు నాయకుడు రామమనోహర లోహియా పేరు మీదుగా ‘రామమనోహర చిత్ర’ అని పేరు పెట్టారు.

యు.ఆర్. అనంతమూర్తి 1965లో ప్రచురించిన నవల ఆధారంగా తీసిన ‘సంస్కార’ (1970) ఆ సంస్థ తొలి చిత్రం. అగ్రహారమంటే పూర్వం పాలకులు బ్రాహ్మణులకు దానంగా ఇచ్చిన గ్రామం. అటువంటి అగ్రహారంలో ఆచారాలన్నిటినీ కాలదన్నిన నారణప్ప మరణిస్తే అతని దహన సంస్కారం ఎవరు చేయాలన్నది కథలోని చిక్కుముడి. దీనికి చిత్రానువాదం, అంటే తెరకు అనువైన రచన, సమకూర్చి, ఆ చిక్కు విప్పవలసిన పండితుడు ప్రాణేశాచార్యుడిగా నటించిన గిరీశ్ కర్నాడ్ అప్పటికి మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఉద్యోగి. నారణప్పగా కనిపించిన పి. లంకేశ్ ఇంగ్లీషు అధ్యాపకుడు. నారణప్పతో సహజీవనం చేసిన చంద్రి పాత్ర స్నేహలతది. ఛాయాగ్రాహకుడు టామ్ కోవన్ ఆస్ట్రేలియా యువకుడు, కళాదర్శకుడు ఎస్.జి. వాసుదేవ్ చోళమండల్ చిత్రకారుల గ్రామానికి చెందినవాడు, సంగీతం కూర్చిన రాజీవ్ తారానాథ్ సరోద్ విద్వాంసుడు. ఈ బృందాన్ని కలిపింది వేతనాలకన్నా నాటకరంగపు స్నేహమూ, లోహియా భావాలపై మమకారమూ అని చెప్పడం సముచితం. సెట్టు వేయకుండా మలెనాడులో, శృంగేరి పరిసరాల్లోని పల్లెలో చిత్రీకరించడంవల్ల ఖర్చు తగ్గడమే కాక, ఆ ఇళ్ల చీకటీ, వీధి నిశ్శబ్దమూ కథలో భాగమయ్యాయి.

చిత్రం ఒక వర్గాన్ని నొప్పిస్తుందన్న భయంతో మద్రాసు సెన్సారు బోర్డు అనుమతి నిరాకరించగా, కేంద్ర ప్రభుత్వం జోక్యంతో అది విడుదలై, ఆ ఏటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం పొందింది. కన్నడ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అంతకంటే విలువైన ఫలితం ఇందులో పనిచేసినవారి తదుపరి కృషిలో కనిపిస్తుంది: కర్నాడ్ 1971లో బి.వి. కారంత్‌తో కలిసి ‘వంశవృక్ష’ తీయగా, లంకేశ్ 1976లో ‘పల్లవి’కి దర్శకుడయ్యాడు.

స్నేహం మీద నిలిచిన సంస్థకు రాజకీయపు దెబ్బ నేరుగా ఇంటికే తగిలింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 మేలో, సోషలిస్టు నేత జార్జ్ ఫెర్నాండెజ్‌కు సన్నిహితురాలైన స్నేహలతను, ఆయనపై పేలుళ్ల కుట్ర ఆరోపణతో పెట్టిన బరోడా డైనమైట్ కేసుకు సంబంధించి అరెస్టు చేశారు. తుది అభియోగపత్రంలో పేరు లేకపోయినా, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద ఆమెను బెంగళూరు కేంద్ర కారాగారంలోనే ఉంచారు. ఉబ్బసంతో బాధపడుతున్న ఆమెకు సరైన వైద్యం అందలేదు; 1977 జనవరి 15న పెరోల్‌పై విడుదలైన ఆమె ఐదు రోజులకే మరణించడం ఆ పాలనపై చెరగని నేరారోపణ. ఆ పాత కారాగార స్థలం ఇప్పుడు ఫ్రీడమ్ పార్కు కాగా, కారాగారం ఎలక్ట్రానిక్ సిటీకి చేరువలోని పరప్పన అగ్రహారానికి తరలింది.

లంకేశ్ నాటకం ఆధారంగా పట్టాభి తీసిన ‘చండమారుత’ కూడా 1977లోనే వచ్చింది. తర్వాత ‘శృంగార మాస’ (1984), ‘దేవర కాడు’ (1993) తీసిన పట్టాభి 2006లో బెంగళూరులో కన్నుమూశారు. తెలుగులో కవిత్వపు కట్టుబాట్లను తెంచిన ఆయన తన దర్శకత్వ ప్రతిభనంతా కన్నడానికే ఇచ్చారు. మద్రాసులోని తెలుగు చిత్రరంగం అటువంటి ప్రయోగానికి ఆనాడు చోటివ్వలేకపోయింది.