నీలి మంట, పసుపు మంట

తాండూరు వైపు రైల్లో వెళ్ళినవాళ్ళకి వికారాబాదు దాటాక వచ్చే ధారూర్ స్టేషను గుర్తుండే వుంటుంది. వాడీ, సికింద్రాబాదుల మధ్య ఆ లైను మీద 1874లో రైళ్ళు మొదలయ్యాయి. బొగ్గింజన్ల రోజుల్లో ఫైర్‌మన్ పొగను చూసి బాయిలరులో మంట సంగతి చెప్పేవాడు. నల్లపొగ వచ్చిందంటే గాలి చాలక బొగ్గు వృథా అవుతోందన్నమాట. మన గిన్నె అడుగు నల్లబడినా కథ అదే.

కట్టెపొయ్యి దగ్గర గొట్టంతో వూదడమంటే గాలి అందించడమే. ఆ పొగలో మన అమ్మల కళ్ళేమైపోతున్నాయో ఆలోచించిన మగవాళ్ళు అరుదు. (అన్నం ఆలస్యమైతే మాత్రం ఆలోచిస్తారు!) హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీ ఎస్.పి. రాజుగారు ఆలోచించారు. మట్టితోనే పొయ్యి కట్టించి, గిన్నెలు కన్నాలకి అతికేలా అమర్చి, పొగను గొట్టంలోంచి కప్పు పైకి పంపించారు. 1953లో మద్రాసులో అచ్చయిన ఆయన ఇంగ్లీషు పుస్తకం పేరుకి ‘లక్షలాది మందికి పొగలేని వంటిళ్ళు’ అని అర్థం.

గ్యాసు పొయ్యికి మూలం జర్మనీలో వుంది. 1855 ప్రాంతంలో బున్సెన్ అనే శాస్త్రజ్ఞుడు గ్యాసులో ముందుగానే గాలి కలిపి వెలిగించే బర్నరు చేయించాడు. మన బర్నరు కింది కంత ఆ గాలి కోసమే. గాలి సరిగా కలిస్తే మంట నీలంగా, పొట్టిగా నిలుస్తుంది. కంతలో మడ్డో, సాలెగూడో చేరితే పసుపు నాలుకలు లేస్తాయి. ఆ పసుపు, సరిగా కాలని మసి మెరుపు. పులుసు పొంగి పడ్డప్పుడు వచ్చే పసుపు వేరు, అది ఉప్పుది. కాసేపట్లో పోతుంది.

మసి కంటికి కనబడుతుంది. దానితో పుట్టే కార్బన్ మోనాక్సైడు కనబడదు, వాసనా రాదు. సిలిండరు గ్యాసుకి వాసన కలుపుతారు గాని, దీనికెవరు కలుపుతారు? ఇది నెత్తుర్లో ప్రాణవాయువు చోటు ఆక్రమించి, దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే మనం పైత్యమనుకుంటాం.

కొత్త కాపురంలో, చలిగాలి వస్తోందని నేను స్నానాలగది కిటికీకి అట్ట కొట్టేశాను. లోపల బొగ్గుల బాయిలరు. మా అత్తగారు వచ్చి అట్ట పీకి పారేసి, “బొగ్గులకి గాలొద్దా, నీకొద్దా?” అన్నారు. ఆవిడ చదువు నాలుగో తరగతి.

నేటి గ్యాసు గీజరుకీ ఆ మాటే. మూసిన గదిలో గాలి తరిగేకొద్దీ నీలిమంట కూడా విషం కక్కుతుంది. గీజరును గది బయట పెట్టించండి. లోపల ఎవరైనా పలక్కపోతే ముందు తలుపు తెరిచి మనిషిని బయటి గాలికి తెచ్చి, గ్యాసు కట్టేయించి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.